కోతకు ధరున్నది

హన్మకొండ, నక్కలగుట్ట, రెండో అంతస్తు,
లిఫ్టు ఎదురుంగ నా బల్ల.
రోగానికీ కోడుకూ సంబంధం కుదిర్చేది నా కొలువు.
మోకాలి చిప్పకు కోడున్నది.
గుండె కవాటానికున్నది.
పిత్తాశయంల రాళ్లకున్నది.
ఊపిరితిత్తులల్ల పేరుకున్న రాతికి లేదు.

ఓదెలు కుర్చీల కూసోలేదు,
కుర్చీని పట్టుకొని నిలవడ్డడు.
కూసుంటే ఊపిరి మడతవడ్తదట.
కరీంనగర్ దిక్కు గ్రానైటు పాలిషింగుల
పందొమ్మిదేండ్లు.
పని ఇడిసి రెండేండ్లాయె,
"దగ్గితే ఇంక మిషిన్ సప్పుడే ఇనవడ్తది" అన్నది లస్మవ్వ.
ఎవల ఇంట్లనో నున్నటి నేల,
అద్దం లెక్క, మొకం అవుపడేటట్టు.
దాని గరుకంత ఈయన లోపల.

డాక్టరు ఎక్స్‌రేను కిటికీకి పట్టి చూసిండు.
"కోసేటందుకేం లేదు.
మందులు, ఇంట్ల ఆక్సిజను, ఉన్నన్ని రోజులు."
కోసేది లేకుంటే ప్యాకేజీ లేదు.
మంచం మీద పండుకున్నోన్ని గుర్తువడ్తది కార్డు,
మంచం దాక రావొద్దని మందులు మింగెటోన్ని
ఎన్నడు సూడనట్టే ఉంటది.

పగటీలి కింద చాయ్ బండి కాడ
రోజూ జరిగే అసెంబ్లీ.
భూపాలపల్లి బాయిల దిగి రిటైరైన సదానందం సారు:
"మాకు కంపెనీ దవఖాన ఉండె.
సూదికాడికెల్లి సచ్చేదాక ఒక్కటే చిట్టి.
బొగ్గుకు అయినది, బువ్వ పండిచ్చెటోనికెందుకు కాదు?"
పాలసీలమ్మే వేణుమాధవ్ గ్లాసు కింద వెట్టిండు:
"ఉత్తగిస్తే విలువుండది సార్. కట్టాలె."
ఆటో యాకూబ్ నవ్విండు:
"కట్టిన్నన్నా, మూడేండ్లు.
మా ఇంటామె థైరాయిడు పాతదన్నరు.
నేను పాతే, నా ఆటో పాతదే,
పైసలు మాత్రం కొత్తయే తీస్కున్నరు."
మా అకౌంట్స్ మనిషి గొంతు తగ్గిచ్చిండు:
"సర్కారు బిల్లులు ఆగినయ్. వచ్చే నెల
కార్డులు బందని బోర్డు రాపియ్యుమన్నరు."
"గా పైసలు ఎంజీఎంల వోస్తే అయిపాయె గదా!"
"ఎంజీఎంల మంచానికిద్దరు!"
"అందుకే పొయ్యాలంటున్న!"
చాయ్ సల్లారింది.
ఎవలూ ఓడలే.

నేను మాట్లాడలే.
నా నెత్తి మీద 'ఉచిత వైద్య సహాయ కేంద్రం' అని బోర్డు,
కింద కూసున్న నేను కాంట్రాక్టు.
కార్డుకు నా జీతం ఎక్కువ,
పాలసీకి నా జీతం తక్కువ.
మా అమ్మ షుగరు గోలీలు
ఒకటో తారీఖు నిండు షీటు,
ఇరవై దాటినంక సగం సగం ఇరుసుడు.

పైకొచ్చేసరికి లస్మవ్వ బల్ల మీదికి వంగింది.
"బిడ్డా, గా మిషిన్ల ఏ రోగమున్నదో
గదే రాయరాదు?"
నా ఏళ్లు మీటల మీదనే ఉన్నయ్.
ఒక్క అంకె మారిస్తే అయిపోతది.
ఎవరెవరు మార్చిండ్రో కూడ నాకెరుకే.
"గుండెదని రాస్తే గుండె కోస్తరవ్వా,
మంచి గుండె."
ఆమె ఆలోచించింది. నిజంగనే ఆలోచించింది.
మొగని దిక్కు చూసింది, నా దిక్కు చూసింది,
ధర తెగని బేరం కాడ నిలవడ్డట్టు.
"మరి ఇంకెంత ముదిరితే
ఈయనది లిస్టులకెక్కుతది?"

గా ప్రశ్నకు నా దగ్గర ఫారం లేదు.
ఎంజీఎం ఛాతీ వార్డుకు చీటి రాసిన.
ఎనుక నాకెరుకున్న నర్సు పేరు,
నా ఫోన్ నెంబరు.
యాకూబ్ ఆటో తిప్పిండు.
ఎక్కెటప్పుడు ఓదెలు మూడుసార్లు ఆగిండు,
మెట్టు ఒక్కటే.

గాజు బల్ల మీద ఆయన ఆనిచ్చిన చెయ్యి
చెమట అచ్చు, ఐదేళ్లు.
ఫ్యాను గాలికి చిటికెనేలు ముందుగాల ఆరింది.
తుడుద్దామని బట్ట తీసిన, తుడువలే.
"టోకెన్ నలభై రెండు!"
మోకాలి చిప్ప.
దానికి కోడున్నది.